దెబ్బ తగిలింది సరే... కాగితం ఏది?

‘‘కేసులెందుకన్నా, ఇక్కడే తేల్చేసుకుందాం.’’

కారు బైకును గుద్దిన పది నిమిషాలకు రోడ్డు మీద వినిపించే మాట ఇది. బైకు మీంచి పడ్డవాడు మోకాలు పట్టుకుని డివైడరు మీద కూర్చుని ఉంటాడు. కారాయన పర్సులో చెయ్యి పెడతాడు. గుమిగూడినవాళ్లలో ఒకరు పెద్దమనిషి అవతారమెత్తి ఐదు వేలని ఒకసారి, పది వేలని ఇంకోసారి అంకె పలుకుతారు. మధ్యలో ఎక్కడో బేరం తెగుతుంది. ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోతారు. రాత్రికి మోకాలు వాచిపోతుంది. మర్నాడు స్కానింగులో లిగమెంటు తెగిందని తేలుతుంది. ఆపరేషను, మూడు నెలలు మంచం, ఆ మూడు నెలలూ సంపాదన లేదు. అప్పుడు ఇంట్లో ఎవరో అడుగుతారు: ఇంతకీ ఆ కారు నంబరెంత?

2023లో దేశంలో 4,80,583 రోడ్డు ప్రమాదాలు జరిగాయని కేంద్ర రవాణా శాఖ లెక్క. చనిపోయినవాళ్లు 1,72,890 మంది. గాయపడినవాళ్లు 4,62,825 మంది. మొదటి రకం వాళ్ల గురించి పత్రికలు ఫొటోలతో సహా రాస్తాయి. రెండో రకం వాళ్లు ‘మరో ఆరుగురికి గాయాలు’ అన్న ఒక్క ముక్కతో సరి. ఆ ఆరుగురి కథ ఆసుపత్రిలో మొదలై పోలీస్ స్టేషన్, బీమా కంపెనీ, ప్రమాద పరిహారం తేల్చే ట్రైబ్యునల్ మీదుగా ఏళ్ల తరబడి నడుస్తుంది. విచిత్రం ఏమిటంటే, మన మోటారు వాహనాల చట్టం గాయపడినవాడి పట్ల లోభి కాదు. ఎదుటి బండి బీమా కంపెనీ మనిషి ప్రాణానికి, శరీరానికి ఇవ్వాల్సిన పరిహారానికి గరిష్ఠ పరిమితి లేదు. డబ్బు పోయేది చట్టం చిన్నదై కాదు. తొలి వారాల్లో రాయాల్సినవి రాయించక, దాచాల్సినవి దాచక పోతుంది.

క్యాజువాలిటీ చీటీలో ఒక వాక్యం

ప్రమాదం జరిగాక మొదటి గంటను చట్టమే ‘గోల్డెన్ అవర్’ అని నిర్వచించింది. అత్యవసరంగా వచ్చిన క్షతగాత్రుణ్ని పోలీసు కేసు అని చెప్పి ఏ వైద్యుడూ తిప్పి పంపకూడదని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. 2025 మే 5న కేంద్రం నోటిఫై చేసిన నగదు రహిత చికిత్స పథకం ఇంకో అడుగు వేసింది. ప్రమాదం జరిగిన నాటి నుంచి ఏడు రోజుల వరకు, ఒక్కొక్కరికి లక్షన్నర రూపాయల దాకా, పథకం కింద గుర్తించిన ఆసుపత్రుల్లో జేబులోంచి తియ్యకుండా వైద్యం అందాలి. జాబితాలో లేని ఆసుపత్రి అయితే ప్రాణం నిలబెట్టే మేరకు చికిత్స చేయాలి. కారుకు బీమా ఉందా, తప్పెవరిది అన్న ప్రశ్నలు ఇక్కడ రావు. పోలీసులకు సమాచారం మాత్రం వెళ్లాలి. 112కు చేసిన ఫోను అందుకే ముఖ్యం.

దారిన పోయేవాళ్ల భయం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. గాయపడినవాణ్ని ఆసుపత్రిలో చేర్చిన వ్యక్తి తన పేరు, అడ్రసు చెప్పాలన్న నిర్బంధం లేదు. అతని మీద కేసు పెట్టే వీలు లేకుండా 2019 సవరణ 134ఎ సెక్షన్ తెచ్చింది. ‘రాహ్‌వీర్’ పేరుతో ఇచ్చే బహుమతి 2025లో ఐదు వేల నుంచి పాతిక వేలకు పెరిగింది. అయినా ఇప్పటికీ చాలామంది ముందు సెల్‌ఫోన్ బయటికి తీస్తారు. వీడియో తియ్యడానికి.

ఆసుపత్రి క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టరు ‘ఎలా జరిగింది?’ అని అడిగి రెండు ముక్కలు రాసుకుంటాడు. ఎంఎల్‌సీ అని అందరూ అనే ఆ మెడికో లీగల్ రిజిస్టరులోకి ఎక్కే మాటలవి. కంగారులో ఉన్న బావమరిదో, పక్కింటి కుర్రాడో ‘బండి మీంచి పడ్డాడు సార్’ అంటాడు. డాక్టరు ‘సెల్ఫ్ ఫాల్’ అనో, ‘స్కిడ్ అయి పడ్డాడు’ అనో రాస్తాడు. కొన్ని ఇళ్లలో ఇది కంగారు కూడా కాదు. పోలీసుల గొడవ ఎందుకని కావాలనే మెట్ల మీంచి జారాడని చెప్పిస్తారు. మూడేళ్ల తర్వాత ట్రైబ్యునల్లో బీమా కంపెనీ లాయరు ఆ చీటీ పట్టుకుని నిలబడతాడు. ‘ఏ కారూ గుద్దలేదు, ఆయనే పడ్డాడు. ఇదిగో మీ ఆసుపత్రి కాగితమే చెబుతోంది.’ దాన్ని తిప్పికొట్టడానికి సాక్షులు కావాలి, డాక్టరు బోనెక్కాలి, మరో ఏడాది పోవాలి. ‘వెనక నుంచి తెల్ల కారు గుద్దింది, నంబరు ఫలానా’ అని ఆ రోజు చెప్పి ఉంటే ఈ తతంగమే ఉండదు.

ఎఫ్ఐఆర్ ఆలస్యమైతే? భయపడనక్కర్లేదు. చావు బతుకుల్లో ఉన్న మనిషిని వదిలి స్టేషనుకు పరిగెత్తమని ఎవరూ అనరు. ఆలస్యం ఒక్కటే కారణంగా క్లెయిమును కొట్టేయకూడదని సుప్రీంకోర్టు 2011లో చెప్పింది. కారణం వివరించగలగాలి, అంతే. నిర్లక్ష్యంగా నడిపినందుకు భారతీయ న్యాయ సంహిత 281, గాయపరిచినందుకు 125 సెక్షన్లు పడతాయి. పాత ఐపీసీ నంబర్లకు అలవాటుపడిన నాలుకలు ఇంకా 337, 338 అంటూనే ఉంటాయి. ఎముక విరిగినా, పదిహేను రోజులు మామూలు పనులు చేసుకోలేకపోయినా అది ‘తీవ్ర గాయం’ కిందికి వస్తుంది. ఆసుపత్రి ఇచ్చే వుండ్ సర్టిఫికెట్‌లో ‘సింపుల్’ అని ఉందో ‘గ్రీవియస్’ అని ఉందో చూసుకోవడం అందుకే అవసరం.

డ్రైవరు మీద నడిచే క్రిమినల్ కేసు వేరు, పరిహారం కేసు వేరు. రెండూ ఒకటే అనుకుని, అక్కడ డ్రైవరు నిర్దోషిగా బయటపడగానే ఇక్కడ ఆశ వదిలేసుకునేవాళ్లు ఉన్నారు. నేరం రుజువు కావడానికి సందేహం మిగలకూడదు. పరిహారానికి ‘ఇలా జరిగి ఉండటానికే ఎక్కువ అవకాశం ఉంది’ అన్నంత సాక్ష్యం చాలు.

పోలీసులు చెయ్యాల్సింది, చెయ్యనిది

2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనలు చదివితే, గాయపడినవాడు లాయరును వెతుక్కోనక్కర్లేదేమో అనిపిస్తుంది. ప్రమాదం జరిగిన 48 గంటల్లో దర్యాప్తు అధికారి మొదటి నివేదికను ట్రైబ్యునల్‌కూ బీమా కంపెనీకీ పంపాలి. 50 రోజుల్లో మధ్యంతర నివేదిక, 90 రోజుల్లో సమగ్ర నివేదిక వెళ్లాలి. బాధితుడికి అతని హక్కులు వివరించే ఫారం ఇవ్వాలి. ఆ నివేదికనే క్లెయిము దరఖాస్తుగా ట్రైబ్యునల్ తీసుకోవాలని మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్ నాలుగో ఉపవిభాగం చెబుతోంది. ఇది జరిగేలా చూడాలని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలకూ ఆదేశాలిచ్చింది.

కాగితం మీద ఇంత బాగా ఉన్నది స్టేషనులో ఎంతవరకు జరుగుతుందన్నది ఆ స్టేషను మీద, ఆ ఎస్సై మీద ఉన్న పని మీద ఆధారపడుతుంది. కాబట్టి అనుభవం ఉన్న లాయర్లు తమ క్లయింట్లకు చెప్పేది ఒకటే: నివేదిక వెళ్లిందా అని అడగండి, వెళ్లకపోతే మీరే వెయ్యండి. ఎఫ్ఐఆర్, పంచనామా, మోటారు వాహన ఇన్‌స్పెక్టరు (ఎంవీఐ) రిపోర్టు, ఛార్జిషీటు నకళ్లు, కారు ఆర్సీ, డ్రైవరు లైసెన్సు, ప్రమాదం నాటికి ఉన్న బీమా పాలసీ. ఇవి ఉంటే సగం కేసు చేతిలో ఉన్నట్టే.

మన రెండు రాష్ట్రాల కోర్టుల్లో ఈ పిటిషన్‌ను ఎంవీఓపీ అంటారు. జిల్లా జడ్జీలే సాధారణంగా ట్రైబ్యునల్‌గా కూర్చుంటారు. ఎక్కడ వెయ్యాలన్నది చాలామందికి తెలియని వెసులుబాటు. ప్రమాదం జరిగిన చోటే వెయ్యనక్కర్లేదు, సొంత ఊరి పరిధిలోని ట్రైబ్యునల్లోనూ వెయ్యవచ్చు. చెన్నైలో భవన నిర్మాణ పనికి వెళ్లి కారు గుద్దిన శ్రీకాకుళం కూలీ శ్రీకాకుళంలోనే కేసు వేసుకోవచ్చు. వాయిదా వాయిదాకూ రైలెక్కే పని లేదు.

గడువు సంగతి కాస్త చిక్కు. 1988 చట్టంలో మొదట ఆరు నెలల గడువు ఉండేది. పల్లెల్లో మంచాన పడ్డవాళ్లకు అది అన్యాయమని 1994లో ఎత్తేశారు. పాతికేళ్ల తర్వాత, 2019 సవరణ దాన్ని మళ్లీ తెచ్చింది. 2022 ఏప్రిల్ నుంచి అమలవుతున్న ఆ ఆరు నెలల నిబంధన చెల్లుతుందా అన్న సవాలు సుప్రీంకోర్టు ముందుకు వెళ్లింది. గడువు దాటిందన్న ఒక్క కారణంతో పిటిషన్లు కొట్టేయవద్దని 2025 నవంబరులో మధ్యంతర ఉత్తర్వు వచ్చింది. తుది తీర్పు ఎటు మొగ్గుతుందో అని లెక్కలు వేసుకుంటూ కూర్చోవడం కన్నా ఆరు నెలల్లోపు వేసేయడమే తెలివి.

కాలు విరిగితే ఎంత? అది ఎవరి కాలు?

పరిహారం లెక్కలో సుప్రీంకోర్టు 2009లో ఒక పట్టిక ఇచ్చింది. 15 నుంచి 25 ఏళ్ల వయసుకు గుణకం 18. 26 నుంచి 30కి 17. అలా దిగుతూ 65 దాటితే 5. ఏడాది ఆదాయాన్ని ఈ గుణకంతో హెచ్చవేస్తారు. 2017లో అయిదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనం మరో మెట్టు చేర్చింది. మనిషి ఆదాయం ఎప్పటికీ ఒక్కచోటే ఆగదు కాబట్టి భవిష్యత్తు పెరుగుదల కలపాలంది. నలభై ఏళ్లలోపు సొంత పని చేసుకునేవారికి 40 శాతం, పర్మనెంటు ఉద్యోగికి 50 శాతం. గాయాల కేసులకూ ఇది వర్తిస్తుందని తర్వాతి తీర్పులు తేల్చాయి.

ఒక ఉదాహరణ కట్టి చూద్దాం. 28 ఏళ్ల టైల్స్ మేస్త్రి. నెలకు 15,000 సంపాదన. 40 శాతం కలిపితే 21,000. ఏడాదికి 2,52,000. పదిహేడుతో హెచ్చవేస్తే 42,84,000. మోకాలు ఇక పూర్తిగా వంగదని డాక్టరు 30 శాతం వైకల్యం రాశాడనుకుందాం. ఆ 30 శాతమే తీసుకుంటే వచ్చేది 12,85,200. కానీ గొంతుక్కూర్చుని చేసే పని అతనిది. మోకాలు వంగని మనిషి టైల్స్ పరవగలడా? ట్రైబ్యునల్ సంపాదన నష్టాన్ని 60 శాతంగా లెక్కిస్తే అదే కాలికి 25,70,400 వస్తుంది.

ఈ తేడాయే 2010 నాటి ఒక తీర్పుకు ప్రాణం. డాక్టరు రాసే శాతం ఒంటికి సంబంధించినది, కోర్టు చూడాల్సింది బతుకుతెరువుకు సంబంధించినది అని సుప్రీంకోర్టు అందులో విడమరిచింది. ఎడమ చెయ్యి పోతే డ్రైవరుకో వడ్రంగికో సంపాదన దాదాపు నూరు శాతం పోతుంది, ప్రభుత్వ గుమాస్తాకు ఉద్యోగమే పోకపోవచ్చు అని ఉదాహరణ ఇచ్చింది. కాబట్టి గాయపడినవాడు చేసే పని ఏమిటో, ఆ పనిలో ఏ అవయవం ఎలా వాడతాడో సాక్ష్యంగా రికార్డుకు ఎక్కాలి. వైకల్య పింఛనుకు చూపే సదరం సర్టిఫికెట్ తెచ్చుకుంటే చాలు అనుకునేవాళ్లు పింఛను లెక్కను పరిహారం లెక్కతో కలిపేస్తున్నారు. చికిత్స చేసిన డాక్టరు గానీ, మెడికల్ బోర్డు వైద్యుడు గానీ వచ్చి వాంగ్మూలం ఇస్తేనే ఆ శాతానికి బలం. చాలా కేసులు చప్పబడేది సరిగ్గా ఇక్కడే. డాక్టరుకు తీరిక ఉండదు, లాయరు పట్టుబట్టడు, కోర్టు తనకు తోచిన తక్కువ అంకె వేస్తుంది.

ఆదాయపు కాగితం లేనివాళ్ల మాటేమిటి? కర్ణాటకలో కాలు పోగొట్టుకున్న ఒక కూరగాయల వ్యాపారి కేసులో సుప్రీంకోర్టు 2014లో నెలకు 6,500 ఆదాయం ఒప్పుకుంది. తోపుడు బండివాడిని రసీదులు తెమ్మనడం తగదంది. అయినా ఫోన్‌పే చరిత్ర, మార్కెట్ యార్డు చీటీలు, డ్వాక్రా పుస్తకం, చిట్టీ కట్టిన ఆధారం లాంటివి దొరికితే వదలకూడదు. ఇవాళ వీధి చివర టీ కొట్టు దగ్గర కూడా క్యూఆర్ కోడ్ ఉంది. అది కోర్టులో సాక్ష్యం.

ఇక ఇల్లాలి సంగతి. పోలీసు వాంగ్మూలంలో ఆమె వృత్తి ‘హౌస్‌వైఫ్’, ఆదాయం ‘లేదు’. 2014లో ఢిల్లీలో బైకు మీద వెళ్తున్న భార్యాభర్తలను కారు గుద్దింది, ఇద్దరూ పోయారు. ఇద్దరు చిన్నపిల్లలు మిగిలారు. ఆ కేసులో 2021 జనవరిలో వచ్చిన తీర్పుకు జస్టిస్ ఎన్.వి. రమణ విడిగా రాసిన అభిప్రాయం చదవాల్సినది. కృష్ణా జిల్లా పొన్నవరంలో పుట్టిన ఆయన, వంటా వార్పూ పిల్లలూ పశువులూ అన్నీ చూసుకునే గ్రామీణ స్త్రీ శ్రమను వరసగా లెక్కపెట్టారు. 2019 నాటి సమయ వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటి పనికి స్త్రీ రోజుకు 299 నిమిషాలు వెచ్చిస్తే పురుషుడు 97 నిమిషాలు వెచ్చిస్తాడని గుర్తుచేశారు. ఆమెకు ఆదాయం లేదనడం తప్పు, కోర్టు ఒక ఆదాయం ఊహించి లెక్క కట్టాలి అని తేల్చారు. అది మరణానికి సంబంధించిన కేసే. తుంటి విరిగి మంచం పట్టిన ఇల్లాలికి కూడా ఆ లెక్కే దారి చూపుతుంది. 

పై కోర్టుకు వెళ్తే లెక్క ఎలా మారుతుందో చెప్పే కేసు ఒకటి హరియాణాది. 2007లో అమ్మానాన్నలతో ట్రాక్టరు మీద వెళ్తున్న పన్నెండేళ్ల అమ్మాయిని లారీ గుద్దింది. మెదడు దెబ్బతింది. జీవితాంతం మరొకరు చూసుకోవాల్సిందే. ట్రైబ్యునల్ సుమారు 11 లక్షలు ఇచ్చింది. హైకోర్టు దాన్ని 25 లక్షలు దాటించింది. 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు 62 లక్షలు చేసింది. అందులో అతి పెద్ద పద్దు సంరక్షకుల ఖర్చు. నెలకు ఐదు వేల చొప్పున ఇద్దరు మనుషులు, పద్దెనిమిది గుణకం. అదొక్కటే 21,60,000. మన ఇళ్లలో ఆ ఇద్దరు మనుషుల పనీ అమ్మే చేస్తుంది. అమ్మ చేస్తోంది కాబట్టి ఖర్చు లేదన్న వాదనను కోర్టులు ఒప్పుకోవు.

మెడిక్లెయిము ఉన్నవాళ్లకు ఒక సందేహం. ఆసుపత్రి బిల్లు ఆరోగ్య బీమా కట్టేసింది కదా, ఇక్కడ మళ్లీ అడగొచ్చా? అడగవచ్చని, ఆ మొత్తాన్ని మినహాయించకూడదని బాంబే హైకోర్టు ఫుల్ బెంచ్ 2025 మార్చిలో చెప్పింది. మన హైకోర్టులు దానికి కట్టుబడనక్కర్లేదు గానీ వాదనకు గట్టి ఆధారం. అసలు బిల్లులు మెడిక్లెయిము కంపెనీకి పంపేముందు ఆసుపత్రి ముద్రతో నకళ్లు తీసి పెట్టుకోవాలి.

‘ఫుల్ ఇన్సూరెన్స్ ఉంది సార్’

కారు కొన్నప్పుడు షోరూం కుర్రాడు సంతకాలు పెట్టించిన పాలసీని యజమాని మళ్లీ తెరిచేది ప్రమాదం జరిగిన రోజే. అందులో మూడు వేర్వేరు సంగతులు ఒకే కాగితంలో కుట్టి ఉంటాయి. తన కారు రేకులకు బీమా, ఎదుటివాళ్ల ఒంటికి బీమా, తన సొంత ఒంటికి బీమా. మూడింటిలో చట్టం తప్పనిసరి చేసింది రెండోది. దాన్నే థర్డ్ పార్టీ అంటాం. 1000 నుంచి 1500 సీసీ కారుకు 2022 జూన్ 1న అమల్లోకి వచ్చిన ఏడాది ప్రీమియం 3,416 రూపాయలు. 75 నుంచి 150 సీసీ బైకుకు 714. ఈ కాస్త డబ్బు మిగుల్చుకోవడానికి బీమా కట్టని యజమాని, ఎవరినైనా గుద్దిన రోజున పాతిక లక్షల తీర్పును తన ఇల్లూ పొలం మీద మోయాలి. బీమా లేకుండా పట్టుబడితే పడే రెండు వేల జరిమానా దాని ముందు ఏపాటి?

థర్డ్ పార్టీ ఒక్కటే కట్టి కారులో చుట్టాలను ఎక్కించుకుంటే చిక్కే. ఆ పాలసీ దృష్టిలో కారులో ఉచితంగా కూర్చున్న బావగారు ‘మూడో పక్షం’ కాదు. బైకు వెనక కూర్చున్న భార్యా కాదు. సొంత బండికీ కలిపి కట్టే ప్యాకేజీ పాలసీ అయితే వీళ్లూ వస్తారని 2009లో బీమా నియంత్రణ సంస్థ స్పష్టం చేసింది, సుప్రీంకోర్టూ 2012లో ఒప్పుకుంది. కాబట్టి ‘ఫుల్ ఇన్సూరెన్స్’ అన్న మాట తన బండి రేకుల కోసం మాత్రమే కాదు.

నడిపే యజమాని పరిస్థితి ఇంకా విడ్డూరం. నిద్రమత్తులో తనే చెట్టుకు గుద్దితే అతను ఎవరికీ మూడో పక్షం కాడు. తన తప్పుతోనే చనిపోయిన డ్రైవరు కుటుంబానికి కంపెనీ పరిహారం ఇవ్వనక్కర్లేదని 2025 జులైలో సుప్రీంకోర్టు కూడా సమర్థించింది. అలాంటివాడికి దిక్కు ‘పర్సనల్ యాక్సిడెంట్’ కవరు. 2018లో అది 15 లక్షలకు పెరిగింది. కానీ చిన్న అక్షరాలు చదవాలి. మరణానికి, రెండు కాళ్లో చేతులో కళ్లో పోతే, లేదా శాశ్వతంగా పూర్తి వైకల్యం వస్తే మొత్తం ఇస్తారు. ఒక కాలో ఒక కన్నో పోతే సగం. కాలు విరిగి రాడ్లు వేసి ఆరు నెలలు పడుకుంటే? ఏమీ రాదు. లైసెన్సు లేకపోయినా రాదు.

ఎదుటి డ్రైవరుకు సరైన లైసెన్సు లేదని తెలిస్తే గాయపడినవాడు బెంగ పెట్టుకుంటాడు. సాధారణంగా ట్రైబ్యునళ్లు 2004 నాటి ముగ్గురు జడ్జీల తీర్పు దారిలో నడుస్తాయి. ముందు కంపెనీ బాధితుడికి చెల్లించాలి, తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకోవాలి. కారు లైసెన్సుతో 7,500 కిలోల లోపు రవాణా వాహనం నడపవచ్చా అన్న పాత తగవు 2024 నవంబరు 6న తీరింది. నడపవచ్చని రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. ఆటోట్రాలీలు, చిన్న వ్యాన్లు నడిపే వేలమందికి, వాళ్ల బళ్ల కింద పడ్డవాళ్లకు అది పెద్ద ఊరట.

ఊరట లేనిది సరుకు బండి ఎక్కే కూలీలకు. మిరప కోతకో, జాతరకో లారీ మీదా ట్రాలీలోనూ ఎక్కినవాళ్లను చట్టప్రకారం ఆ బండి పాలసీ కాపాడదు. 1994 సవరణ ఆ సరుకు యజమానినీ అతని మనిషినీ మాత్రమే లోపలికి తీసుకుంది. మిగతావాళ్లకు తీర్పు వచ్చినా అది బండి యజమాని మీద. అతని దగ్గర వసూలు చేయడం మరో యుద్ధం. ఆర్టీసీ బస్సుది ఇంకో దారి. రాష్ట్ర రవాణా సంస్థల సొంత బస్సులకు చట్టం బీమా నుంచి మినహాయింపు ఇచ్చే వీలుంది కాబట్టి కేసు సాధారణంగా సంస్థ మీదే పడుతుంది. అద్దె బస్సు అయితే యజమాని కట్టిన పాలసీ ఉంటుంది, ఆ బీమా కంపెనీ తప్పించుకోలేదని 2011లో ఉత్తరప్రదేశ్ ఆర్టీసీ కేసులో తేలింది.

సొంత కారు డ్యామేజీ, పర్సనల్ యాక్సిడెంట్ కవరు విషయంలో కంపెనీ అన్యాయం చేసిందనిపిస్తే హైదరాబాద్‌లో బీమా అంబుడ్స్‌మన్ ఉన్నారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, యానాం ఆ పరిధిలోకి వస్తాయి. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. ఎదుటి కారు కంపెనీ మీద గాయపడినవాడి క్లెయిము మాత్రం అక్కడ కాదు, ట్రైబ్యునల్లోనే.

అమెరికాలో ఉన్న పిల్లలు ఈ విషయంలో తల్లిదండ్రులకు చెప్పేది తలకిందులుగా ఉంటుంది. టెక్సాస్‌లో కారుకు తప్పనిసరి బీమా గాయపడిన ఒక్కొక్కరికి 30,000 డాలర్లు. కాలిఫోర్నియాలో దశాబ్దాల పాటు 15,000 ఉండి 2025 జనవరి 1న 30,000 అయింది. అక్కడి ఎమర్జెన్సీ గదిలో ఆ డబ్బు ఎన్నాళ్లొస్తుందో డాలస్‌లో ఉన్నవాళ్లను అడగాలి. అందుకే ‘ఎదుటివాడికి బీమా లేకపోయినా, చాలకపోయినా’ తన పాలసీ ఆదుకునే కవరును అక్కడ తప్పక తీసుకోవాలంటారు. చదువుకోవడానికి వెళ్లి చవక పాలసీతో పాత కారు కొనే విద్యార్థి మొదట వద్దనుకునేది దాన్నే. రెండు రాష్ట్రాల్లోనూ గాయాల దావాకు గడువు సాధారణంగా రెండేళ్లు. అక్కడి లాయర్లు గెలిస్తేనే వాటా తీసుకునే పద్ధతిలో పని చేస్తారు. ఇక్కడ బార్ కౌన్సిల్ నిబంధనలు అలాంటి ఒప్పందాన్ని నిషేధించాయి.

నంబరు తెలియని బండి

2022లో దేశంలో గుద్ది పారిపోయిన కేసులు 67,387. బండి ఎవరిదో దొరకని సందర్భాల్లో మరణానికి రెండు లక్షలు, తీవ్ర గాయానికి యాభై వేలు ఇచ్చే పథకం ఆ ఏడాది ఏప్రిల్ నుంచే అమల్లో ఉంది. దరఖాస్తు ఇవ్వాల్సింది తహసీల్దారు, ఆర్డీవో స్థాయి విచారణాధికారికి. మంజూరు చేసేది కలెక్టరు. 2022-23లో దేశం మొత్తం మీద వచ్చిన దరఖాస్తులు 205. పరిష్కరించినవి 95. ఈ అంకెలు సుప్రీంకోర్టు 2024 జనవరి తీర్పులో ఉన్నాయి. బండి దొరకకపోతే బాధిత కుటుంబానికి పథకం సంగతి పోలీసులే రాతపూర్వకంగా చెప్పాలని ఆ తీర్పు ఆదేశించింది.

తప్పెవరిదన్నది చూడకుండా 164వ సెక్షన్ కింద వచ్చే సొమ్ము వేరు: మరణానికి ఐదు లక్షలు, తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు. త్వరగా వస్తుందని దీనికి ఒప్పుకునే ముందు ఆలోచించాలి. దాన్ని తీసుకుంటే 166 కింద వేసిన పిటిషన్ రద్దవుతుంది. పాతిక లక్షలు రావాల్సిన మేస్త్రి రెండున్నర లక్షల దగ్గర ఆగిపోతాడు.

రాజీలన్నీ చెడ్డవి కావు. లోక్ అదాలత్‌లో కుదిరినది కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు, డబ్బు త్వరగా వస్తుంది. మహిళలకూ ఎస్సీ ఎస్టీలకూ జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. ఆసుపత్రి కారిడార్లలో తిరిగే ఏజెంట్లకు ఖాళీ కాగితాల మీద సంతకాలు పెట్టేముందు ఆ కార్యాలయం గడప తొక్కడం మేలు. ఉత్తరప్రదేశ్‌లో దొంగ క్లెయిముల మీద 2015లో హైకోర్టు ఆదేశంతో ప్రత్యేక దర్యాప్తు బృందం వేయాల్సి వచ్చింది. గుద్దని బండిని గుద్దినట్టు చూపించే ముఠాల పాపం నిజంగా దెబ్బ తిన్నవాళ్ల మెడకు చుట్టుకుంటుంది. బీమా కంపెనీలు ప్రతి క్లెయిమునూ అనుమానంగా చూడటానికి వాళ్లూ కొంత కారణం.

గెలిచాక కూడా డబ్బు చేతికి అందని కేసులున్నాయి. కంపెనీ ట్రైబ్యునల్లో డిపాజిట్ చేస్తుంది. ఊరు మారిన మనిషికి కబురు అందదు, లాయరు ఫోను ఎత్తడు, సొమ్ము బ్యాంకులో పడి ఉంటుంది. గుజరాత్‌కు చెందిన ఒక రిటైర్డు జడ్జి రాసిన ఉత్తరాన్ని సుప్రీంకోర్టు పిటిషన్‌గా తీసుకుంటే, ఇలా దిక్కులేకుండా పడి ఉన్న పరిహారం వందల కోట్లలో ఉందని బయటపడింది. 2025 ఏప్రిల్‌లో ఆదేశాలు వచ్చాయి. ఇకపై పిటిషన్ వేసేటప్పుడే బాధితుడి ఆధార్, పాన్, చిరునామాలతో పాటు బ్యాంకు ఖాతా వివరాలు తీసుకోవాలి. తీర్పు వచ్చాక ఆ సొమ్ము నేరుగా ఆ ఖాతాలోకే వెళ్లేలా ట్రైబ్యునళ్లు చూడాలి. పాత కేసుల్లో ఇంకా రానివాళ్లను వెతికి పట్టుకునే పని న్యాయ సేవాధికార సంస్థలకు అప్పగించారు. అయిదారేళ్ల కిందట కేసు గెలిచి, డబ్బు ఏమైందో తెలియనివాళ్లు ఎంవీఓపీ నంబరు పట్టుకుని జిల్లా కోర్టులోని ఆ కార్యాలయానికి వెళ్లి అడగవచ్చు.